రాదు, వలెను

‘ఇచ్చట వాహనములు నిలుపరాదు.’ ‘నిశ్శబ్దము పాటించవలెను.’ ‘గోడలపై కాగితములు అంటించరాదు.’ ఇలాంటి బోర్డులు మనం రోజూ చదువుతాం. చదివి, వాహనం సరిగ్గా ఆ బోర్డు కిందే నిలిపి, మన పని మీద మనం వెళ్ళిపోతాం. ఆ అక్షరాలు రాసిన చెయ్యి ఒకటి ఉంటుందనీ, ఆ చేతికీ ఒక ఇల్లూ ఒక ఏడుపూ ఉంటాయనీ మనలో ఎంతమందికి తోస్తుంది? ఈ కథ అలాంటి ఒక బోర్డుల పెయింటరుది. ఓపికగా వినండి, ఇందులో మనందరికీ కాస్త వాటా ఉంది.

బస్సు డిపో వెనక సందులో రేకుల షెడ్డు ఆయన దుకాణం. నలభై మూడేళ్ళుగా అక్కడే. కుంచె పట్టి రాయడం చేతనైనా, ఆయన పని ఎక్కువగా రేకుల మీద నడిచేది. పలచటి రేకులో అక్షరాన్ని చెక్కి, ఆ రేకుని గుడ్డ మీద పరిచి రంగు కొడితే, రేకు తీసేసరికి కింద అక్షరం నిలబడి ఉండేది. మధ్యలో ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చి ఆయన పొట్ట కొట్టాయి. తర్వాత ప్రభుత్వం ప్లాస్టిక్‌ని నిషేధించడంతో ఊరేగింపులవాళ్ళూ సభలవాళ్ళూ మళ్ళీ గుడ్డ బ్యానర్ల కోసం ఆయన గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు.

ఆయన దగ్గర ఎన్ని రేకులున్నా రెండు మాత్రం ప్రత్యేకం. ఒకదాని మీద ‘రాదు’ అని ఉంటుంది, రెండోదాని మీద ‘వలెను’ అని. పని నేర్చుకున్న మొదటి సంవత్సరంలోనే చెక్కుకున్నాడు వాటిని. తలుపు పక్కన రెండు మేకులకు తగిలించి ఉంచేవాడు, ఎడమ మేకుకి ‘రాదు’, కుడి మేకుకి ‘వలెను’. చూడకుండానే చెయ్యి వాటి మీదకు వెళ్ళేది. “ఏ ఆఫీసువాళ్ళు వచ్చినా, ఏ సంఘంవాళ్ళు వచ్చినా చివరికి కావలసినవి ఆ రెండే. లోకం అంతా ఆ రెండు మేకులకే వేలాడుతోంది” అని నవ్వేవాడు.

మనిషి కూడా ఆ రేకుల్లాంటివాడే. బేరం ఉండేది కాదు, రెండో ఆలోచన ఉండేది కాదు. అందుకే సందులో అందరూ ‘ఒక్కమాట’ అని పిలిచేవారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం. ఇంకో నియమం కూడా ఉండేది. బోర్డు పూర్తయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, బళ్ళో పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు దాన్ని పైకి చదివేవాడు. “కన్ను మోసం చేస్తుంది, నోరు చెయ్యదు” అనేవాడు. అలా చదవకుండా ఒక్క బోర్డునీ గుమ్మం దాటించలేదు.

ఆ గురువారం పొద్దున షెడ్డులో రెండు గుడ్డలు పరిచి ఉన్నాయి. రెండూ ఆదివారం ఊరేగింపులకే. మొదటిది శిశురక్షణ సంఘంవాళ్ళది. గర్భస్రావాలు చేసే ఆసుపత్రి ముందు పట్టుకోవడానికి ‘కడుపులోని ప్రాణము తీయరాదు’ అని రాయమన్నారు. రెండోది టాక్సీ డ్రైవర్ల యూనియన్‌ది. జైలు గేటు ముందు పట్టుకోవడానికి ‘హంతకుని ఉరి తీయవలెను’ అని రాయమన్నారు. ఆ హంతకుడు చంపింది ఎవర్నో కాదు, ఒక్కమాట కొడుకుని. రెండేళ్ళ కిందట అతను నడిపే టాక్సీ ఎక్కిన మనిషే, బండి కోసం, ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి వెనకసీట్లోంచి పొడిచి రోడ్డు పక్కన పడేసి పోయాడు. రెండు బ్యానర్లనీ ఒక్కమాట మనస్ఫూర్తిగా నమ్మాడు. రెండూ ఊరికే రాసిస్తానన్నాడు.

ఆయన చొక్కా జేబులో జైలు శాఖవాళ్ళు పంపిన కాగితం ఒకటి ఉంది. ఉరిశిక్ష పడినవాడు క్షమాభిక్ష అడిగాడు. శిక్ష తగ్గించడానికి మృతుని తండ్రిగా మీకు అభ్యంతరము ఉన్నదా, లేదా? ఏదో ఒక గడిలో గుర్తు పెట్టి నెలలోగా పంపవలెను. ఆదివారం జైలు గేటు దగ్గర, అందరి ముందూ ‘ఉన్నది’ అన్న గడిలో గుర్తు పెడతానని యూనియన్ సెక్రటరీకి మాటిచ్చాడు.

పదిగంటలకి కూతురు వచ్చింది. బ్యానర్లకు అంచులు కుట్టి, తాడు దూర్చడానికి గొట్టంలా మడతపెట్టి కుట్టేది ఆవిడే. ఇంటి దగ్గర మిషను పెట్టుకుంది. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, వారంలో రెండు రోజులు కనిపిస్తే ఎక్కువ. ఆవిడకు ఇప్పుడు ఆరో నెల. రావడం రావడమే స్టూలు మీద కూలబడింది. కాళ్ళు వాచి చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగి ఉన్నాయి.

“రెండో డాక్టరమ్మ కూడా అదే చెప్పింది నాన్నా” అంది.

ఒక్కమాట రంగు కలుపుతూ తల ఎత్తలేదు. ఆయనకు తెలుసు. పది రోజుల కిందటే మొదటి డాక్టరు చెప్పాడు, కడుపులో బిడ్డకు తల పైభాగం ఏర్పడలేదని. పుట్టినా నిమిషాలో, గంటలో. దానికి తోడు తల్లికి బీపీ పెరుగుతోంది. ఆ రోజు ‘ఇంకో డాక్టరుకి చూపిద్దాం’ అన్నది ఈయనే.

“తీయించెయ్యమంటున్నారు. ఆలస్యం అయ్యేకొద్దీ నాకే ప్రమాదమట. మా ఆయన నీ ఇష్టం అన్నాడు. అమ్మ ఉంటే అమ్మని తీసుకెళ్ళేదాన్ని. నువ్వు రా నాన్నా, పక్కన ఉండు. అంతే అడుగుతున్నా.”

“ప్రాణం తీయడానికి నన్ను తోడు రమ్మంటావా?” అన్నాడు. “ఇదిగో, చూడు. ఏం రాస్తున్నాను ఇక్కడ?”

ఆవిడ మొదటి గుడ్డ చూసింది. తర్వాత రెండో గుడ్డ వంక చూసింది.

“అక్కడేం రాస్తున్నావు మరి?”

“వాడూ, ఇదీ ఒకటేనా? వాడు నా కొడుకుని చంపాడు. ఇది ఎవరికేం చేసింది?”

“ఏం చెయ్యలేదు. నేను మాత్రం ఏం చేశాను?” అంది కూతురు. “వాణ్ణి ఉరి తీస్తే తమ్ముడు వస్తాడా నాన్నా? నాకు వాడి మీద జాలి లేదు. కానీ వాణ్ణి చంపాలని కూడా లేదు.”

ఆ మాటతో ఆయనకు ఒళ్ళు మండింది. “బాగుంది. తమ్ముణ్ణి చంపినవాడు బతకాలి, నీ కడుపున పడ్డది పోవాలి. ఇదా నీ న్యాయం?”

“నీ న్యాయం మాత్రం ఏం నిలకడగా ఉంది? అది బతకదని ఇద్దరు డాక్టర్లు చెప్పినా దాన్ని తీయకూడదు, బతికున్నవాణ్ణి మాత్రం తీయాలి.” ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “నాకు నీలాగా ఒకటే మాట లేదు నాన్నా. రోజుకి పదిసార్లు మారుతోంది. అది కదిలినప్పుడల్లా మారుతోంది. నేనేం బోర్డు కట్టుకుని కూర్చోలేదు.”

ఒక్కమాట రంగు డబ్బా మీదకు వంగాడు. “ఆదివారం కానీ, చూద్దాం” అన్నాడు.

చదువరులు ఈ ‘చూద్దాం’ అనే మాటని గుర్తుపెట్టుకోవాలి. ‘రాదు’ కంటే మెత్తగా ఉంటుంది, ‘వలెను’ కంటే మర్యాదగా ఉంటుంది. మనుషుల ప్రాణాల మీదకు తెచ్చే విషయంలో ఆ రెండింటికీ ఏమీ తీసిపోదు.

కూతురు వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. రెండు గుడ్డల మీదా ‘తీయ’ వరకూ రాయడం అయింది. మనసు కూతురి మాటల మీదే ఉంది. చెయ్యి ఎప్పటిలాగే మేకుల మీదకు వెళ్ళింది. ఒక రేకు ఈ గుడ్డ మీద, ఒక రేకు ఆ గుడ్డ మీద పెట్టి రంగు కొట్టాడు. ఆరిన తర్వాత చుట్టి పక్కన పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వెయ్యలేదు. పైకి చదవలేదు. నలభై మూడేళ్ళలో అదే మొదటిసారి.

ఆదివారం తొమ్మిదింటికి, ఒక్కమాట జైలు గేటుకి ఇంకా బయల్దేరకముందే, షెడ్డు ముందు గోల మొదలైంది. యూనియన్ సెక్రటరీ ఖాకీ చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. శిశురక్షణ సంఘం అధ్యక్షురాలు కళ్ళజోడు చేత్తో పట్టుకుని రొప్పుతోంది. ఇద్దరి వెనకా కాస్త నవ్వుతూ, కాస్త తిడుతూ జనం.

“ఏంటి బాబాయ్ ఇది? జైలు గేటు ముందు విప్పాం. పోలీసులు కూడా నవ్వారు!” అని సెక్రటరీ బ్యానరు పరిచాడు. ‘హంతకుని ఉరి తీయరాదు’ అని ఉంది.

“మాదైతే ఇంకా ఘోరం” అని అధ్యక్షురాలు తమ బ్యానరు చూపించింది. ‘కడుపులోని ప్రాణము తీయవలెను.’

ఎవరో వెనకనుంచి, “ఒక్కమాట కాస్తా రెండు మాటలయ్యాయే!” అన్నారు. సందంతా గొల్లుమంది.

ఒక్కమాట ఆ రెండు గుడ్డల్నీ చూస్తూ నిలబడ్డాడు. తన చేతి పనే. కానీ అక్షరాలు కొత్తగా కనిపించాయి. మొదటిసారి వాటిని పైకి చదివాడు, నెమ్మదిగా. ఒక్కొక్కటీ చదివాక మనసులో తోక మార్చి, సరైన మాటగా మళ్ళీ చదివాడు. ఎలా చదివినా ఎవరో ఒకరు చస్తున్నారు.

“తెల్లరంగు కొట్టి సరిచేసెయ్యండి. అరగంట చాలదా?” అంది అధ్యక్షురాలు.

ఆయన తెల్లరంగు తీసి రెండు గుడ్డల మీదా తప్పు తోకలు చెరిపేశాడు. మేకుల మీంచి రేకులు తీశాడు. రంగు డబ్బా అందుకున్నాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కోపం పోలేదు ఆయనకు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కొడుకు రక్తం మరకలున్న సీటు కవరు ఆయన కళ్ళముందే ఉంది. అయినా చెయ్యి కదల్లేదు. రేకులు రెండూ ఆ ఇద్దరి చేతుల్లో పెట్టి, “మిగతాది మీరు రాసుకోండి” అని చొక్కా వేసుకుని కూతురింటికి బయల్దేరాడు.

ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ చెప్పింది, పొద్దున ఏడింటికి మిషను దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళారని.

వార్డు బయట డాక్టరమ్మ ఆయన్ను చూసి, “మీరేనా నాన్నగారు? మూడు రోజుల కిందటే రావలసింది ఈ అమ్మాయి. నాన్నని ఒప్పించి వస్తానంది” అంది.

“నేనే వద్దన్నాను” అన్నాడు ఒక్కమాట.

“ఇప్పుడు వద్దూ కావాలీ అనుకునే టైం లేదు పెద్దాయనా. బీపీ బాగా పెరిగిపోయింది. వెంటనే తీసెయ్యాలి. ఆ అమ్మాయికి స్పృహ సరిగ్గా లేదు, భర్తేమో దారిలో ఉన్నాడట. మీరే సంతకం పెట్టాలి.”

“బిడ్డ?”

“బిడ్డ ఎలాగూ నిలవదు. తల్లి నిలుస్తుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.”

కాగితం అడుగున ‘ఇచ్చట సంతకము చేయవలెను’ అని అచ్చు వేసి ఉంది. ఊళ్ళో సగం గోడల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన మనిషి, ఆ గీత మీద తన పేరుని వంకరటింకరగా రాశాడు. జేబులో కలం పెట్టుకోబోతే జైలు శాఖవాళ్ళ కాగితం చేతికి తగిలింది.

మధ్యాహ్నం దాటాక ఒక నర్సు బయటికి వచ్చింది. తల్లి గండం గడిచినట్టే అంది. తర్వాత కాస్త తటపటాయించి, “ఆడపిల్ల. ఊపిరి ఉంది, ఎంతోసేపు ఉండదు. తల్లికి చూపించే స్థితి లేదు. మీరు ఎత్తుకుంటారా?” అని అడిగింది.

తల మీద చిన్న ఊలు టోపీ కనుబొమ్మల దాకా లాగి ఉంది. ఒక అరచేతిలో ఇమిడిపోయేంత ఒళ్ళు. ఒక్కమాట గోడ గడియారం కింద బెంచీ మీద కూర్చుని పట్టుకున్నాడు. రంగు మరకలున్న వేళ్ళు తగలకుండా గుడ్డ సర్దాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. పదకొండు నిమిషాల తర్వాత కదల్లేదు. ఆ పదకొండు నిమిషాల్లో ఆయనకు ‘నేను చెప్పిందే నిజం’ అనీ అనిపించలేదు, ‘నేను చెప్పింది తప్పు’ అనీ అనిపించలేదు. ఇది ప్రాణమే. లోపల పడుకున్నదీ ప్రాణమే. ఒకదాని మీద తను సంతకం పెట్టాడు, రెండోదాన్ని తన ‘చూద్దాం’తో చావు దాకా తీసుకెళ్ళాడు. నర్సు వచ్చి తీసుకుంటుంటే చేతులు వదలలేకపోయాడు.

రెండు రోజుల తర్వాత కూతురు అడిగింది. “ప్రాణంతో పుట్టిందా నాన్నా?”

లేదని చెబితే సరిపోయేది. కానీ ఆయనకు అబద్ధం రాయడం అలవాటు లేదు. “పదకొండు నిమిషాలు ఉందమ్మా. నా చేతుల్లోనే.”

ఆవిడ గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. “నేను చంపానా?” అంది.

“సంతకం నాది.”

“అడిగింది నేను.”

ఆయన ఆవిడ వాచిన కాళ్ళ మీద దుప్పటి సర్ది, అక్కడే మంచం పట్టీ మీద కూర్చున్నాడు.

జైలు శాఖ గడువు ఇంకా మూడు రోజులుంది. ఒక్కమాట షెడ్డుకి వచ్చి కాగితాన్ని బల్ల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. “శిక్ష తగ్గించుటకు నాకు అభ్యంతరము...” అని పైకి చదివాడు. ‘ఉన్నది’ అనబోతే గొంతు రాలేదు. ‘లేదు’ అనబోతే కొడుకు ముఖం గుర్తొచ్చి, అదీ రాలేదు. మడిచి సొరుగులో పడేద్దామనుకున్నాడు. కూతురి మాటనీ అలాగే ‘చూద్దాం’ అని సొరుగులో పడేసినందుకే ఆవిడ చావు దాకా వెళ్ళిందని అప్పుడు తట్టింది. రాయకుండా ఊరుకోవడం కూడా ఒక రాతే.

గడులు రెండూ వదిలేసి, కింద ఖాళీలో కలంతో ఇలా రాశాడు: ‘నా కొడుకుని చంపినవాడి మీద నాకు దయ లేదు. ఎప్పటికీ రాదు. కానీ వాణ్ణి ఉరి తీయమని నా చేత్తో రాయలేను.’ పైకి చదివాడు. ఈసారి మధ్యలో ఆగలేదు. వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు.

ఆ ఉత్తరాన్ని ఎవరైనా చదివారో లేదో మనకు తెలియదు. రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున సెక్రటరీ స్కూటరు దిగి షెడ్డులోకి వచ్చాడు. కూతురు ఇప్పుడు మిషను షెడ్డులోనే పెట్టుకుంది, అంచులు కుడుతోంది. తేరుకుంది గాని చూపు ఇంకా మసకగానే ఉంది, సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది.

“అయిపోయింది బాబాయ్. ఇవాళ పొద్దున వాణ్ణి ఉరి తీసేశారు. నువ్వు అలాంటి ఉత్తరం రాసి పంపానన్నా ప్రభుత్వం మన మాటే విన్నది.”

మిషను చప్పుడు ఆగింది. ఈ రోజు కోసమే రెండేళ్ళు ఎదురుచూశాడు ఒక్కమాట. గుండెలో బరువు దిగుతుందని అనుకున్నాడు. దిగలేదు. గోడ మీద కొడుకు ఫోటో ఉన్న చోటే ఉంది. ఎక్కడో ఇంకో ఇంట్లో ఇవాళ ఎవరో తల్లి కూలబడి ఉంటుందని మాత్రం అనిపించింది.

“న్యాయం గెలిచిందని ఒక బ్యానరు కట్టాలి. నువ్వే రాయాలి” అన్నాడు సెక్రటరీ. “ఆ సంఘం మేడం కూడా నీకోసం అడుగుతోంది. నీ రేకులు మా ఇద్దరి దగ్గరే ఉండిపోయాయి, ఇదిగో.” ‘రాదు’, ‘వలెను’ బల్ల మీద పడ్డాయి.

“నేను రాయను.”

“అసలు నీది ఏ పక్షం? ఆసుపత్రిలోనేమో సంతకం పెట్టావు, జైలు కాగితం మీదేమో గుర్తు పెట్టనన్నావు. రెంటికీ పొంతనేది? ఒక్కమాట అని పేరెందుకు నీకు?”

ఒక్కమాట కూతురి వంక చూశాడు. ఆవిడ తల ఎత్తి తండ్రినే చూస్తోంది.

“పొంతన లేదురా అబ్బాయ్” అన్నాడు. “నా కూతుర్ని బతికించుకోవడానికి పెట్టాను. అందులో ఒక పసిది పోయింది. నా కొడుకుని చంపినవాడి విషయంలో పెట్టలేకపోయాను, వాడూ పోయాడు. ఈ రెంటినీ కలిపే న్యాయం ఏంటో నాకు తెలీదు. నాకు తెలీదని తెలుసుకోవడానికి అరవై మూడేళ్ళు పట్టింది. తెలిసినట్టు రాసిన బోర్డులకే ఇప్పుడు సిగ్గేస్తోంది.”

“అయితే ఎవరూ ఏ మాటా అనకూడదా?”

“అనాలి. అనకుండా ఊరుకున్నా ప్రాణాలు పోతాయి, అదీ చూశాను.” రేకులు రెండూ తీసుకుని మళ్ళీ మేకులకు తగిలించలేదు ఆయన. బల్ల మీద బోర్లా పెట్టాడు. “కానీ ఇంకొకరి ప్రాణం మీద ‘రాదు’ అనో ‘వలెను’ అనో రాసేవాడు, ఆ బోర్డుని ముందు తన ఇంటి గుమ్మానికి తగిలించి, ఇంట్లోవాళ్ళందరికీ వినపడేలా పైకి చదవాలి.”